వేరుశనగ చెక్క నుండి వ్యాయామకారుల పోషక పొడి – నాణ్యతకు మూలం పొలమే

నూనె తీసిన తరువాత మిగిలే వేరుశనగ చెక్క బరువులో దాదాపు సగం మాంసకృత్తులే. కందిపప్పులో ఉండే పరిమాణానికి ఇది సుమారు రెండింతలు. అయినప్పటికీ తెలుగు రాష్ట్రాలలో ఈ చెక్క ప్రధానంగా పాడిపశువుల దాణాగాను, కొంతమేరకు ఎరువుగాను వినియోగమవుతున్నది. ఇదే సమయంలో వ్యాయామం చేసే గ్రామీణ యువకులు వేల రూపాయలు వెచ్చించి డబ్బాలలో వచ్చే వే ప్రోటీన్ పొడిని కొనుగోలు చేస్తున్నారు. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసినవారికి ఒక ప్రశ్న కలగడం సహజం. పశువుకు పెట్టే చెక్కను ఆహార ప్రమాణాలకు తగినట్లు తయారుచేసి, పరుగు, సైకిలు, ఈత వంటి దీర్ఘశ్రమ సాధన చేసేవారికి పోషక పొడిగా ఎందుకు ఇవ్వరాదు?

ఇవ్వవచ్చును. సాంకేతికంగా ఇది ఆరు దశాబ్దాల క్రితమే నిరూపితమైన విషయం. అయితే నాటి ప్రయత్నానికి అడ్డుపడినది కర్మాగారంలోని లోపం కాదు, కోతకు ముందు నాలుగైదు వారాలలో పొలంలో మొదలయ్యే లోపం. ఈ వ్యాసాన్ని ఆహార సాంకేతిక నిపుణుడు గాక సస్యశాస్త్ర అధ్యాపకుడు వ్రాయడానికి కారణం అదే.

మా ప్రాంగణం ప్రక్కన ఉన్న మైదానంలో తెల్లవారుజామున పోలీసు కానిస్టేబుల్ నియామకాల కోసం 1600 మీటర్ల పరుగు సాధన చేసే యువకులు చాలామంది కనిపిస్తారు. వారిలో ఒకరు, వేరుశనగ రైతు కుమారుడు, ఒకనాడు నన్ను అడిగాడు: "సార్, ఈ డబ్బా పొడి తాగితే దమ్ము పెరుగుతుందంటున్నారు. నిజమేనా? మా ఇంట్లో శనక్కాయ చెక్క బస్తాలకొద్దీ ఉంది, బర్రెలకు పెడుతున్నాం. అది పనికిరాదా?" అతడు అడిగినది రెండు ప్రశ్నలు. రెండింటికీ విడివిడిగా సమాధానం చెప్పుకోవలసి ఉన్నది.

దమ్ముకు మాంసకృత్తులు ఏ మేరకు?

దీర్ఘశ్రమకు ఇంధనం ప్రధానంగా పిండిపదార్థాలు, కొవ్వులు. కండరాలలోను, కాలేయంలోను నిలువ ఉన్న గ్లైకోజన్ సమృద్ధిగా ఉన్నంతవరకు, పరుగుకు ఖర్చయ్యే శక్తిలో మాంసకృత్తుల వాటా 5 శాతానికి మించదు. గ్లైకోజన్ అడుగంటినపుడు అది 10 శాతం వరకు చేరవచ్చు. అందువల్ల పొడి తాగి మైదానంలోకి దిగినంత మాత్రాన దమ్ము పెరగదు. పెరుగుతుందని చెప్పే ప్రకటనలను విద్యార్థులు నమ్మనవసరం లేదు.

మాంసకృత్తుల పని పరుగు ముగిసిన తరువాత ఆరంభమవుతుంది. సాధనలో దెబ్బతిన్న కండర తంతువుల మరమ్మతు, ప్రాణవాయువును వినియోగించుకునే మైటోకాండ్రియాలలోని ఎంజైముల నిర్మాణం, రక్తంలో హీమోగ్లోబిన్ తయారీ, ఇవన్నీ అమైనో ఆమ్లాల మీదనే ఆధారపడతాయి. వారాల తరబడి సాధన చేసినపుడు శరీరంలో వచ్చే మార్పులకు ఇవే పునాది. కనుక మాంసకృత్తులు దమ్మును నేరుగా ఇవ్వవు; సాధన వల్ల రావలసిన దమ్ము రావడానికి అవసరమైన ముడిసరుకును సమకూరుస్తాయి.

పరిమాణం విషయానికి వస్తే, భారత వైద్య పరిశోధన మండలి, హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో వెలువరించిన సిఫారసుల ప్రకారం పెద్దలకు శరీర బరువులో కిలోకు రోజుకు 0.83 గ్రాముల మాంసకృత్తులు అవసరం. 60 కిలోల యువకునికి ఇది సుమారు 50 గ్రాములు. క్రమబద్ధంగా శిక్షణ పొందే క్రీడాకారులకు కిలోకు 1.2 నుండి 2.0 గ్రాముల వరకు అవసరమని అమెరికా, కెనడా దేశాల ఆహార, క్రీడా వైద్య సంఘాలు 2016లో విడుదల చేసిన ఉమ్మడి ప్రకటన తెలుపుతున్నది. మన యువకుడు ఈ శ్రేణిలో దిగువ భాగాన్ని లక్ష్యంగా పెట్టుకున్నా రోజుకు 72 గ్రాములు కావాలి. వరి అన్నం, పలుచని పప్పుచారు, అప్పుడప్పుడు గుడ్డు తినే ఇంటిలో 50 గ్రాములు చేరడమే కష్టం. అంటే లోటు 20 గ్రాములకు తక్కువ కాదు. ఈ 20 గ్రాములు ఎక్కడ నుండి రావాలన్నదే అసలు సమస్య.

వే ప్రోటీన్ కూడా ఉప ఉత్పత్తే

విద్యార్థులు తరచు మరచిపోయే సంగతి ఒకటి ఉన్నది. డబ్బాలలో దొరికే వే ప్రోటీన్ కూడా ఒకనాడు పారబోసిన వ్యర్థమే. చీజ్ తయారీలో పాలు విరిగిన తరువాత మిగిలే తేటను యూరప్, అమెరికాలలో కాలువలలోకి వదిలేవారు, పందులకు పోసేవారు. పొరల వడపోత విధానాలు వచ్చిన తరువాతనే ఆ తేటలోని ఒక శాతం కంటె తక్కువ మాంసకృత్తులను గాఢపరచి పొడిగా మార్చడం లాభసాటి అయినది.

మన దేశంలో చీజ్ కంటె పన్నీరు ఎక్కువ. మరి పన్నీరు తేట నుండి ఈ పొడి తీయరాదా అని అడిగేవారున్నారు. పన్నీరు కోసం పాలను 90 డిగ్రీల సెంటీగ్రేడు వరకు వేడిచేసి ఆమ్లంతో విరుస్తారు. ఆ వేడికి తేటలోని మాంసకృత్తులలో ఎక్కువ భాగం కేసీన్‌కు అతుక్కొని పన్నీరులోనే ఉండిపోతాయి. పన్నీరు చేసేవారికి ఇది లాభమే కాని, తేట మాత్రం చీజ్ తేట కంటె పేదది. కాబట్టి ఉప ఉత్పత్తుల నుండి మాంసకృత్తులు పొందాలనుకున్నపుడు మన నేలకు సహజమైన వనరు నూనెగింజల చెక్కలే.

చెక్కను తినడం మనకు కొత్త కాదు. కోస్తా జిల్లాలలో నువ్వుల తెలగపిండిని మునగాకుతో కలిపి కూర వండుతారు, వడియాలు పెడతారు, బాలింతకు ప్రత్యేకంగా పెడతారు. గానుగ దగ్గర పిడికెడు చెక్క, బెల్లం ముక్క పెట్టించుకొని తిన్న తరం ఇంకా ఉన్నది. వ్యాయామ పోషకాహారమనే పేరు లేదు కాని, శ్రమ చేసేవారి ఆహారంగా చెక్కకు స్థానం ఉన్న మాట వాస్తవం.

మైసూరు ప్రయత్నం

మైసూరులోని కేంద్రీయ ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ 1950వ దశకంలో నూనె తీసిన వేరుశనగ పిండి 75 పాళ్లు, శనగపిండి 25 పాళ్లు కలిపి, విటమిన్లు, కాల్షియం చేర్చి 'మల్టీపర్పస్ ఫుడ్' అనే పోషక మిశ్రమాన్ని రూపొందించినది. తరువాత వేరుశనగ మాంసకృత్తులను వేరుచేసి పాలలో కలిపి 'మిల్టోన్' అనే పానీయాన్ని కూడా తయారుచేసినది. నాటి లక్ష్యం క్రీడాకారుడు కాదు, పోషకాహార లోపంతో బాధపడే పిల్లవాడు. కాని సాంకేతిక మార్గం నేటికీ అదే: ఏరిన గింజలను తక్కువ వేడిలో వేయించి, ఎర్రపొట్టు, ముక్కు తీసి, యంత్రంలో నూనె పిండి, మిగిలిన నూనెను ఆహార శ్రేణి ద్రావణితో తీసి, ద్రావణిని పూర్తిగా తొలగించి, మెత్తగా విసరడం. ఇలా వచ్చే పిండిలో 50 శాతం మాంసకృత్తులు ఉంటాయి. ఈ పిండిని స్వల్ప క్షార ద్రావణంలో కరిగించి, పీచును వేరుచేసి, ఆమ్లత్వాన్ని 4.5 పి.హెచ్. వద్దకు తెచ్చినపుడు మాంసకృత్తులు పెరుగులా విడిపోతాయి. వాటిని ఆరబెడితే 85 నుండి 90 శాతం మాంసకృత్తులు గల ఐసోలేట్ లభిస్తుంది.

వేరుశనగ మాంసకృత్తుల బలహీనత లైసిన్. వంద గ్రాముల మాంసకృత్తులలో లైసిన్ సుమారు 3.5 గ్రాములు మాత్రమే ఉంటుంది. పెద్దలకు ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాణం 4.5 గ్రాములు. శనగపిండి కలిపితే సరిపోతుందని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. లెక్క వేసి చూద్దాం. 75 గ్రాముల వేరుశనగ పిండిలో 37.5 గ్రాముల మాంసకృత్తులు, 1.31 గ్రాముల లైసిన్. 25 గ్రాముల శనగపిండిలో సుమారు 5.5 గ్రాముల మాంసకృత్తులు, 0.37 గ్రాముల లైసిన్. మొత్తం మీద వంద గ్రాముల మాంసకృత్తులకు లైసిన్ 3.9 గ్రాములే. శనగపిండిలో మాంసకృత్తులే తక్కువ కనుక దాని సాయం పరిమితం. 60 పాళ్లు వేరుశనగ పిండి, 25 పాళ్లు వేయించిన శనగపిండి, 15 పాళ్లు వెన్న తీసిన పాలపొడి కలిపినపుడు మాత్రం లైసిన్ 4.5 గ్రాములకు చేరుతుంది. వంద గ్రాముల మిశ్రమంలో 40 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. 50 గ్రాములు, అంటే దాదాపు అయిదారు చెంచాలు, మజ్జిగలోనో పాలలోనో కలుపుకొంటే పైన చెప్పిన 20 గ్రాముల లోటు తీరుతుంది.

వే ప్రోటీన్‌తో సమానమని మాత్రం చెప్పరాదు. కండర నిర్మాణానికి ప్రేరణనిచ్చే లూసిన్ 20 గ్రాముల వే మాంసకృత్తులలో రెండు గ్రాములకు పైగా ఉంటే, మన మిశ్రమంలో ఒకటిన్నర గ్రాములకు లోపే. జీర్ణమయ్యే వేగమూ తక్కువ. ఆర్జినిన్ మాత్రం వేరుశనగలో ఎంతో ఎక్కువ; రక్తనాళాలను విప్పార్చే నైట్రిక్ ఆక్సైడుకు అది మూలపదార్థం కనుక దమ్ము పెరుగుతుందని కొందరు ప్రచారం చేస్తారు. శిక్షణ పొందిన పరుగు క్రీడాకారులలో ఆర్జినిన్ తినిపించి చేసిన పరీక్షల ఫలితాలు ఒక తీరుగా లేవు. ఆ ప్రచారాన్ని మనం భుజాన వేసుకోవలసిన పని లేదు. రోజు మొత్తంలో పప్పు, పెరుగు, గుడ్డుతోపాటు ఈ మిశ్రమాన్ని తీసుకొనేవారికి లూసిన్ తేడా అంత పెద్దది కాదు. వేరుశనగ పడనివారికి, అంటే తింటే దద్దుర్లు, ఆయాసం వచ్చేవారికి, ఇది ఏ రూపంలోనూ ఇవ్వరాదు.

పోషక విలువ విషయంలో అడ్డంకి ఏమీ లేదన్నమాట. అడ్డంకి మరొకటి.

అఫ్లాటాక్సిన్ లెక్క

1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోడిపిల్లలు అంతుచిక్కని వ్యాధితో మరణించాయి. వాటి దాణాలో కలిపినది బ్రెజిల్ నుండి వచ్చిన వేరుశనగ చెక్క. ఆ చెక్కలో ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్ అనే శిలీంధ్రం విడుదల చేసిన విషపదార్థమే అఫ్లాటాక్సిన్. మైసూరు మిశ్రమాలు ఊపందుకోవలసిన సమయంలోనే ఈ సంగతి బయటపడినది. 1966లో ఐక్యరాజ్యసమితి మాంసకృత్తుల సలహా బృందం వేరుశనగ పిండిలో అఫ్లాటాక్సిన్ కిలోకు 30 మైక్రోగ్రాములు మించరాదని పరిమితి విధించినది. నేడు మన దేశంలో శుద్ధికి ఉద్దేశించిన వేరుశనగకు ఈ పరిమితి 15 మైక్రోగ్రాములు. యూరోపియన్ యూనియన్‌లో నేరుగా తినే వేరుశనగకు 4 మాత్రమే.

దీని ప్రమాదం కోళ్లకే పరిమితం కాదు. 1974లో రాజస్థాన్, గుజరాత్ గిరిజన గ్రామాలలో బూజు పట్టిన మొక్కజొన్న తిని 397 మంది కామెర్లు, జలోదరంతో జబ్బుపడగా, 106 మంది మరణించారు. జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలే ఆ ఘటనను పరిశోధించి నమోదు చేశారు. చిన్న మోతాదులు ఏళ్ల తరబడి శరీరంలో చేరితే కాలేయ క్యాన్సరుకు దారితీస్తాయి. హెపటైటిస్ బి ఉన్నవారిలో ఆ ముప్పు అనేక రెట్లు. పోషక పొడిని ఎవరూ ఒక్కరోజు తిని వదలరు. నెలల తరబడి, ప్రతిదినమూ తింటారు. అందుకే ఇతర ఆహారాల కంటె ఇక్కడ మరింత కఠినంగా ఉండక తప్పదు.

చెక్కలో ఈ విషం ఎందుకు పోగుపడుతుందో విద్యార్థులు మూడు మెట్లలో అర్థం చేసుకోవాలి. మొదటిది, అఫ్లాటాక్సిన్ నూనెలోకి పోయేది స్వల్పం. అధిక భాగం మాంసకృత్తులను అంటుకొని చెక్కలోనే మిగులుతుంది. వంద కిలోల పప్పు నుండి నూనె పోగా మిగిలేది 50 నుండి 55 కిలోలు. కాబట్టి పప్పులో కిలోకు 10 మైక్రోగ్రాములు ఉంటే చెక్కలో అది 20కి చేరువ అవుతుంది. తినడానికి యోగ్యమైన గింజ, నూనె తీయగానే అయోగ్యమైన చెక్కగా మారవచ్చు. నూనెలోకి వెళ్లిన కొద్దిపాటి విషం క్షారంతో శుద్ధి చేసేటపుడు తొలగిపోతుంది. చెక్కకు ఆ సౌకర్యం లేదు. ఐసోలేట్ తయారుచేసినపుడు కూడా గణనీయమైన భాగం మాంసకృత్తుల వెంటనే నడుస్తుంది. వంట వేడికి ఇది నశించదు. వేయించినపుడు కొంత తగ్గవచ్చు గాని, దానిపై ఆధారపడలేము. పైగా ఎక్కువ వేయిస్తే ఉన్న కొద్ది లైసిన్ కూడా పోతుంది. అమోనియాతో నిర్విషం చేసే పద్ధతి పశువుల దాణాకు సంబంధించినది, మనుషుల ఆహారానికి తగదు.

రెండవది, నూనె మిల్లుకు చేరే గింజ ఏది? మార్కెట్‌లో నిండు గింజలు విత్తనానికి, ఎగుమతికి, చిక్కీలకు, ఇంటి వాడకానికి పోతాయి. ముడతపడినవి, రంగు మారినవి, పురుగు తొలిచినవి, విరిగినవి, కోత తరువాత భూమిలో మిగిలిపోగా పరిగ ఏరిన కాయలు, ఇవి నూనె మిల్లుకు చేరుతాయి. విషం అత్యధికంగా ఉండేది సరిగ్గా ఈ గింజలలోనే. ఏరివేత ఎంత శ్రద్ధగా జరిగితే తినే గింజ అంత శుభ్రం, చెక్క అంత మలినం. ఉప ఉత్పత్తి అన్న మాటలోనే చిక్కు ఉన్నది. వ్యాయామ పోషకాహారానికి పనికివచ్చే చెక్క, తిరస్కరించిన గింజల నుండి యాదృచ్ఛికంగా మిగిలినది కారాదు. ఏరిన గింజ నుండి ఉద్దేశపూర్వకంగా తీసినది కావాలి.

మూడవది, పరీక్ష. ఒక్కొక్క గింజలో అఫ్లాటాక్సిన్ కిలోకు పది లక్షల మైక్రోగ్రాములు దాటిన ఉదాహరణలు శాస్త్ర గ్రంథాలలో ఉన్నవి. అలాంటి గింజ 0.4 గ్రాముల బరువుంటే దానిలో 400 మైక్రోగ్రాముల విషం ఉన్నట్లు. 20 కిలోల పప్పులో సుమారు 50 వేల గింజలుంటాయి. ఆ 50 వేలలో ఒక్కటి ఇటువంటిది ఉంటే చాలు, మొత్తం 20 కిలోల సగటు కిలోకు 20 మైక్రోగ్రాములై పరిమితిని దాటుతుంది. బస్తాలో పైనుండి గుప్పెడు తీసి పరీక్షకు పంపితే ఆ ఒక్క గింజ చేతికి చిక్కే అవకాశం ఎంత? అందుచేత రాశి అంతటి నుండి అనేక చోట్ల తీసి, కలిపి, మొత్తం నూరిన తరువాతనే నమూనా తీయాలి. ఈ విషయంలో పిండికి ఒక అనుకూలత ఉన్నది. విసిరిన తరువాత విషం పిండి అంతటా సమంగా పరచుకొంటుంది కనుక పిండి నమూనా గింజ నమూనా కంటె నమ్మదగినది.

ఇది నేను పుస్తకంలో చదివి మాత్రమే నేర్చుకొన్న సంగతి కాదు. కొన్నేళ్ల క్రితం మా విద్యార్థులు కిసాన్ మేళా కోసం వేరుశనగ చెక్కతో పోషక పొడి తయారుచేశారు. చెక్క తాజాగా ఉన్నది, వాసన బాగున్నది, నేనే అనుమతించాను. ప్రదర్శన రోజు ఉదయం సందర్శకులకు రుచి చూపించారు. ముందుగా పంపిన నమూనా ఫలితం మధ్యాహ్నానికి అందినది. పరిమితికి పలు రెట్లు. వెంటనే స్టాలు మూసివేశాము. ఒకసారి రుచి చూసినందువల్ల ఎవరికీ హాని కలగకపోవచ్చు. కాని ఫలితం అందకముందే పొడిని ఎదుటివారి చేతిలో పెట్టనివ్వడం నా తప్పు. కంటికి, ముక్కుకు తెలియని దోషాన్ని కంటితో, ముక్కుతో తేల్చుకోబోయాను.

కోతకు ముందు అయిదు వారాలు

అనంతపురం వంటి ప్రాంతంలో సాలుసరి వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు. జూన్, జులైలలో విత్తిన వేరుశనగ సెప్టెంబరు, అక్టోబరులలో కాయ ఊరే దశలో ఉన్నపుడు బెట్ట తగలడం తరచు జరిగేదే. ఆస్పర్‌జిల్లస్ మన నేలలలో సహజంగానే ఉన్నది, దాన్ని నిర్మూలించలేము. తేమ తగినంత ఉన్న గింజ శిలీంధ్రాన్ని అడ్డుకొనే రసాయనాలను తనంతట తానే తయారుచేసుకొంటుంది. బెట్టకు గింజలో నీరు తగ్గిన కొద్దీ ఈ శక్తి క్షీణిస్తుంది. కాయ చుట్టూ ఉన్న మట్టి ఉష్ణోగ్రత 28 నుండి 31 డిగ్రీల మధ్య నిలిచి, బెట్ట మూడు వారాలు దాటితే, శిలీంధ్రానికి అంతకంటె అనుకూలమైన స్థితి ఉండదు. దిగుబడి కూడా అదే బెట్టకు పడిపోతుంది. రైతుకు కనిపించేది దిగుబడి నష్టం మాత్రమే. రెండవ నష్టం బస్తాలో కూర్చొని మిల్లుకు పోతుంది.

ఫారం గుంటలో ఒక తడికి సరిపడా నీరు ఉంటే, దాన్ని పూత దశలో వాడాలా, కాయ ఊరే దశలో వాడాలా అని రైతులు అడుగుతారు. ఆహారానికి ఉద్దేశించిన పంటకైతే చివరి దశకే అట్టిపెట్టమని నా సలహా. పూత, ఊడల దశలో ఎకరాకు 200 కిలోల జిప్సం వేయడం దిగుబడి కోసం చేసే పాత సిఫారసే. కాల్షియం చాలినపుడు కాయ డొల్ల గట్టిపడి శిలీంధ్రం చొరబాటు తగ్గుతుంది. ఊడలు దిగిన తరువాత గుంటక తోలితే కాయ గాయపడుతుంది. చెదలు, వేరుపురుగు చేసే చిన్న రంధ్రమైనా శిలీంధ్రానికి ద్వారమే. పశువుల ఎరువులో వృద్ధిచేసిన ట్రైకోడెర్మా వేయడం మేలు.

అన్నిటికంటె ఎక్కువ నష్టం కోత తరువాత పది రోజులలో జరుగుతుంది. పీకినపుడు గింజలో తేమ 35 నుండి 40 శాతం. అది 8 శాతానికి దిగేవరకు శిలీంధ్రానికి అవకాశం ఉన్నట్లే. మొక్కలను కాయలు పైకి ఉండేటట్లు బోర్లించి పొలంలో ఆరబెట్టితే తేమ త్వరగా దిగుతుంది. తడి ఆరకముందే వామి వేస్తే లోపల వేడి పుట్టి బూజు పడుతుంది. ఇక యంత్రంతో కాయ ఒలిచేముందు పప్పు విరగకుండా నీళ్లు చల్లే అలవాటు. ఈ ఒక్క పని అంతకుముందు పడిన శ్రమనంతా వృథా చేస్తుంది. బద్ద విరగకపోతే వచ్చే ధర చేతికి కనిపిస్తుంది గనుక రైతునో, వ్యాపారినో తప్పుపట్టి ప్రయోజనం లేదు. మార్కెట్‌లో తేమకు, పప్పు శాతానికి ధర కడతారు గాని, విషం లేకపోవడానికి ఎవరూ ధర కట్టరు. ఆహార శ్రేణి చెక్క కొనే పరిశ్రమ ఏర్పడితే మొదట మారవలసినది ఈ ధరల పద్ధతి.

మైదానంలో నన్ను అడిగిన యువకునికి నేను చెప్పినది ఇది: "బర్రెలకు పెట్టే చెక్క నువ్వు తినవద్దు నాయనా. మంచి గింజలు ఏరి, వేయించి, శనగలతో కలిపి తిను, పాలు తాగు." తరువాత ఆలోచిస్తే ఆ సలహాలో చివరి మాట కూడా అంత సులభమైనది కాదనిపించినది. బర్రె తిన్న చెక్కలోని అఫ్లాటాక్సిన్ బి1లో ఒకటి నుండి మూడు శాతం, అధికంగా పాలిచ్చే ఆవులలో ఆరు శాతం వరకు, ఎం1 రూపంలో పాలలోకి వస్తుంది. పాలలో దీని పరిమితి కిలోకు 0.5 మైక్రోగ్రాములు. పాలు విరిచినపుడు ఎం1 కొంత కేసీన్‌తో పోతుంది, కొంత తేటలో మిగులుతుంది. అంటే చెక్కను మనిషి నేరుగా తినకపోయినా, బర్రె ద్వారానో, డబ్బా పొడి ద్వారానో దాని దోషంలో కొంత అతని గ్లాసులోకి రాగలదు. దాణా చెక్కను నిర్లక్ష్యం చేసి ఆహార చెక్కను మాత్రం బాగుచేయడం సాధ్యపడదు.

విస్తరణ శాస్త్రవేత్తలు రైతు ఉత్పత్తిదారుల సంఘాలతో కలిసి ఈ పని చేపట్టదలచితే, కొనుగోలు కేంద్రం వద్ద మొదట వేరుచేయవలసినవి రెండు రాశులు. నిండు గింజ రాశి వేరుగా, దానికి వేరే రోజు, శుభ్రపరచిన యంత్రం. ముందు రోజు ఆడిన మలిన చెక్క యంత్రంలో మిగిలి ఉంటే మరునాటి చెక్క కూడా చెడుతుంది. పొట్టు తీసిన తరువాత రంగు మారిన బద్దలను మరొకసారి ఏరాలి. పొట్టు కింద దాగిన మచ్చ అప్పుడే కనిపిస్తుంది. గానుగ చెక్కలో నూనె ఎక్కువ మిగులుతుంది గనుక కొన్ని వారాలలోనే ముక్కిపోతుంది. నెలల తరబడి నిలువ ఉంచదలచిన పొడికి నూనె పూర్తిగా తీసిన పిండే తగినది. ప్రతి విడతకు పిండి నమూనా పరీక్ష జరిగి, ఫలితం చేతికి వచ్చిన తరువాతనే సంచి కుట్టాలి.

ఏరివేసిన తిరస్కార గింజలను ఏమి చేయాలన్నది మిగిలిన ప్రశ్న. వాటిని నూనె తీయడానికి వాడవచ్చు, నూనెను శుద్ధి చేస్తే ఇబ్బంది లేదు. ఆ చెక్క మాత్రం పశువుకు కూడా పోరాదు. వేరుశనగ చెక్కలో 7 శాతం నత్రజని ఉన్నది, ఎరువుగా వేయవచ్చు. అయితే వేరుశనగ, మొక్కజొన్న వేసే పొలాలకు కాదు. అక్కడ శిలీంధ్ర బీజాలను మనమే తిరిగి చల్లినట్లవుతుంది. నీరు నిలిచే వరి మడులకు తరలించడం మేలని నేను భావిస్తున్నాను.